కారణం చెప్పే కారు

డ్రైవరు సీటు ఖాళీ. అయినా కారు తెనాలి దాటి రేపల్లె రోడ్డెక్కింది. స్టీరింగు దానంతటదే తిరుగుతోంది. దాని కింది సగానికి నల్లగుడ్డ కప్పి ఉంది.

వెనక సీట్లో నరసింహమూర్తిగారు, రిటైరైన లాజిక్ లెక్చరరు, కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. పక్కన అన్నకూతురు శరణ్య. బాపట్లలో పీహెచ్‌డీ చేస్తోంది. తనంతట తనే నడిచే కారు, ఎందుకాగిందో ఎందుకు తిరిగిందో కారణం చెప్తే జనం దాన్ని ఎంత నమ్ముతారు? అదీ ఆ పిల్ల పరిశోధన.

మూర్తిగారి లెక్క వేరు. కారు బాగుంటే ఇలాంటిదొకటి బుక్ చేయడం, డ్రైవరు మస్తాన్‌రావుని ఇంటికి పంపడం. నిన్న వాడి మొహానే అనేశారు. ఇరవై రెండేళ్లుగా తోలుతున్నవాడు తల గోక్కుని, "అయితే రేపు సెలవిప్పించండి సార్" అన్నాడు.

"ఉద్యోగం ఊడుతుందంటే సెలవడిగాడమ్మా దద్దమ్మ!" నవ్వారు మూర్తిగారు. "బ్రేకెందుకేశావురా అంటే నోరు తెరుస్తాడు. నాకే ఎదురు చెప్తావా అంటే మూస్తాడు. అదీ వాడి తెలివి!"

కారు నెమ్మదించింది. డాష్‌బోర్డులోంచి ఆడగొంతు పలికింది.

"ముందున్న గడ్డి ట్రాక్టరు చెయ్యి చూపించకుండా కాలవగట్టుకి తిరుగుతుంది. అందుకే ఆగుతున్నాను."

ట్రాక్టరు టక్కున తిరిగింది.

"ఆహా! తర్కమంటే ఇదీ!"

వేమూరు దాటాక ఆయన మోకాలు డ్రైవరు సీటుకి తగిలింది.

"ఇదేంటమ్మా, సీటు ఇంత వెచ్చగా ఉంది?"

"ఎండ బాబాయ్," అంది శరణ్య, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

భట్టిప్రోలు ఇంకా రాకుండానే కారు రోడ్డు పక్కకి ఆగింది.

"ఇప్పుడెందుకే తల్లీ?"

"బయల్దేరి ముప్పావుగంటైంది. మీకు షుగరు. దిగి ఒకటికి వెళ్లి రండి."

మూర్తిగారు నోరెళ్లబెట్టారు. నిజంగానే ఇందాకట్నుంచి బిగబట్టుకుని కూర్చున్నారు మరి. తిరిగొచ్చి డాష్‌బోర్డుకి దణ్ణం పెట్టినంత పని చేశారు.

"నా షుగరు కూడా పసిగట్టిందే! వాడూ ఆపుతాడు దారిలో, టీ తాగాలట! సరిగ్గా నేను దిగాలనుకున్నప్పుడే వెధవకి టీ గుర్తొస్తుంది!"

రేపల్లె స్టేషను ముందు కారాగింది. శరణ్య కాగితమిచ్చింది. 'కారు చెప్పిన కారణాలను ఎంత నమ్మారు?' మూర్తిగారు పదికి పది వేసి, రెండు గీతలు కూడా గీశారు.

"మస్తాన్‌రావుకి నువ్వే ఫోన్ చేసి చెప్పమ్మా, రేపట్నుంచి అక్కర్లేదని. ఈ కారైతే కళ్లు మూసుకుని ప్రాణం అప్పజెప్తా."

"పొద్దున మీరు చదవకుండా ఓ కాగితం మీద సంతకం పెట్టారే బాబాయ్, అందులో ఉంది. ఒక సంగతి దాచి, చివర్లో చెప్తామని."

"ఏంటమ్మా అది?"

డ్రైవరు సీటు కవరు జిప్పు లోపల్నుంచి సర్రున దిగింది. గొంతు మార్చే మైకు పక్కన పెట్టి, చెమటతో తడిసి ముద్దైన మస్తాన్‌రావు తల బయటికి పెట్టి, "అయితే రేపు డ్యూటీకి రావద్దాండీ సార్?" అన్నాడు.