పిల్లి ముక్కులా ఉంది

చిట్టి మాట్లాడిందట!

గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా వాళ్ళమ్మ ఈ కబురు చెప్పేసరికి టీచర్ చేతిలోని హాజరు పట్టీ జారి కింద పడింది.

ఏడు నెలలుగా ఆ పిల్ల బడిలో పెదవి విప్పలేదు. ఇంట్లో వసపిట్ట, గేటు దాటితే బొమ్మ.

టీచర్ చెయ్యని ప్రయత్నం లేదు. పాటలు పాడింది, పిల్లిమొగ్గలు వేసింది, ఒకరోజు కుందేలు చెవులు తగిలించుకుని గదంతా గెంతింది. పెళ్ళయి మూడు నెలలే అయినా, మొగుడితో చెప్పే కబుర్లలో సగం చిట్టివే. ఆ పిల్ల నోటి వెంట వచ్చే మొదటి మాట తనతోనే కావాలని పంతం పట్టి కూర్చుంది.

"ఏమందట?" అంది, కళ్ళు చక్రాల్లా చేసుకుని.

"మట్టి పిల్లి ముక్కులా ఉందని అందిటండీ. నిన్న, మీ మట్టిగదిలో. అమ్మమ్మగారితో."

గాల్లో తేలుతున్న టీచర్ గుండె దబ్బున కింద పడింది.

పిల్లలంతా మట్టి అమ్మమ్మ అని పిలిచే ఆవిడ వచ్చి మూడు వారాలే అయింది. పక్కవీధి మనిషి. ఒకరోజు తనంతట తనే వచ్చి, పిల్లలు బంకమట్టితో ఆడుకునే గదిలో రోజూ రెండు గంటలు కూర్చుంటానని ప్రిన్సిపాల్‌ని అడిగింది. జీతం వద్దంది. అంతకంటే ఏం కావాలి, ప్రిన్సిపాల్ సరేనంది.

ఆవిడ పాటలు పాడదు. బొమ్మలు చేసి చూపించదు. ఒక్కో పిల్ల చేతిలో ఒక్కో ముద్ద పెట్టి, ముందుకు వంగి, ఎలా ఉందని అడుగుతుంది. అంతే.

పిల్లలు ఎగబడి చెప్పేవాళ్ళు. చల్లగా ఉంది. అరిగిపోయిన సబ్బులా ఉంది. స్నానం చేసిన బొజ్జలా ఉంది. నీళ్ళు పోశాక నాలుకలా అయిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని, ప్రతిదానికీ ఊ కొడుతూ, పాటకచేరీ వింటున్నట్టు వినేది.

అదంతా చూస్తుంటే టీచర్‌కి ఒళ్ళు మండిపోయేది.

ఆ సాయంత్రం మొగుడి దగ్గర వెళ్ళబోసుకుంటే అతను పగలబడి నవ్వాడు.

"సవతి గురించి చెప్తున్నట్టే ఉంది. నా విషయంలో ఎప్పుడైనా ఇంత కుళ్ళుకున్నావా?"

"నిన్నెవరూ ఎత్తుకుపోలేదుగా ఇంకా," అంది టీచర్.

మర్నాడు అమ్మమ్మ రాకముందే తను మట్టి పిసికి చిట్టి ముందు కూర్చుంది. అచ్చం ఆవిడలాగే వంగింది. ఆవిడలాగే గొంతు తగ్గించి, ఎలా ఉందని అడిగింది.

చిట్టి టీచర్ చేతుల వంక చూసి ఊరుకుంది.

పక్కనున్న బుడ్డోడు మాత్రం ఊరుకోలేదు. "మీ చేతిలోనూ ఉందిగా టీచర్. మీకు తెలీదా?"

ఇంతలో అమ్మమ్మ వచ్చింది. చిట్టి ఒక్క పరుగున వెళ్ళి, ఆవిడ ఒళ్ళోకి ఎక్కి, చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు. ఆ నవ్వు టీచర్‌కి ముల్లులా గుచ్చుకుంది.

రెండు రోజుల్లో అదను దొరికింది.

మట్టిదిమ్మెని సన్నటి తీగతో కోస్తుంటే అమ్మమ్మ వేలు తెగింది. రక్తం కారుతున్నా ఆవిడ పట్టించుకోలేదు. అలాగే మట్టి పిసుకుతూ కూర్చుంది.

"అమ్మమ్మా, రక్తం," అంది చిట్టి, గదంతా వినబడేలా.

టీచర్ చెవిన పడిన చిట్టి మొదటి మాట అదే. అదీ ఆవిడ కోసమే.

టీచర్ వేలికి కట్టు కట్టింది. కట్టేసి తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. పిల్లల మట్టిలో రక్తం పడిందని, ఒంటిమీద ధ్యాస లేని మనిషని, రేపు ఏ పసివాడి వేలో తెగితే పూచీ ఎవరిదని అడిగింది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

ప్రిన్సిపాల్ ఆవిడని పిలిచి, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమంది. అమ్మమ్మ వాదించలేదు. పిల్లల తలలు నిమిరి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా మట్టిగది టీచర్‌దే. చిట్టి మళ్ళీ బొమ్మయింది. మిగతా పిల్లలు కూడా ముద్దలు అటూ ఇటూ దొర్లించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు.

సోమవారం అమ్మమ్మ కూతురు వచ్చింది, ఆవిడ మర్చిపోయిన ఏప్రన్ కోసం. అమ్మని తన ఊరు తీసుకెళ్ళిపోతున్నానని, రేపు మధ్యాహ్నమే బండి అని చెప్పింది.

ఏప్రన్ మడిచి ఇస్తూ, టీచర్ ఇన్నాళ్ళుగా మనసుని తొలుస్తున్నది అడిగేసింది. పిల్లల్ని అలా ప్రశ్నలేసి మాట్లాడించడం అమ్మగారు ఎక్కడ నేర్చుకున్నారని.

కూతురు తెల్లబోయింది.

"నేర్చుకోవడమేంటండీ? తెలియకే అడుగుతుంది."

నలభై ఏళ్ళు కుండలు చేసిన మనిషట. రెండేళ్ళ కిందట షుగరు జబ్బుతో వేళ్ళకి స్పర్శ పోయింది. తడో పొడో తెలీదు. తెగినా తెలీదు.

"రోజూ నాకు ఫోన్ చేసేది," అంది కూతురు. "'ఇవాళ మట్టి అప్పుడే నిద్రలేచిన బుగ్గలా ఉందటే' అని ఒకటే మురిసిపోయేది."



కూతురు వెళ్ళాక టీచర్ మట్టిగదిలోకి వచ్చి, పిల్లల మధ్య నేలమీద చతికిలబడింది. చిట్టి వంక చూడకుండా, అందరికీ కలిపి చెప్పింది.

"రేపు పొద్దున్నే మనందరం బకెట్ నిండా మట్టి తీసుకుని అమ్మమ్మ ఇంటికి వెళ్తున్నాం. బండి వచ్చేదాకా ఆవిడతోనే మాట్లాడండి. నాతో తర్వాతెప్పుడైనా పర్లేదు."