తడి ముడి

దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే మాట కాదిది.

ఒక తాపీమేస్త్రీ, ఆయన బామ్మర్ది చేపలకని కొండ కింది మడుగుకు బయల్దేరారు.

మేస్త్రీకి మీసాలు నెరిశాయి. అయినా పనికి వెళ్తున్నానని తల్లితో బొంకాడు. ఆ మడుగు పేరెత్తితే ఆవిడ ఆ పూట అన్నం ముట్టదు.

బీరు సీసాలను వలసంచిలో వేసి, చల్లబడాలని ఒడ్డునే నీళ్లలోకి దించారు. పడవ సర్దుకుని తిరిగి చూస్తే, సంచి ఒళ్లో పెట్టుకుని ఒక పాతికేళ్ల కుర్రాడు కూర్చుని ఉన్నాడు.

ఎండ మాడ్చేస్తోంది. అతని జుట్టులోంచి మాత్రం నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఒరేయ్ బుజ్జోడా, నాకో గుక్క పొయ్యరా."

బామ్మర్ది పకపకా నవ్వాడు. "మీసాలు నెరిసిన బుజ్జోడివి బావా! పోనీ, ఒక గుక్క పొయ్యి."

"నోర్ముయ్. నా వయసులో సగం లేడు, నన్ను ఒరేయ్ అంటాడా? చుక్క కూడా పొయ్యను."

కుర్రాడికి కోపం రాలేదు.

"పొయ్యకపోతే మానె. లోపలికి మాత్రం పోకు."

ఎడమచేత్తో సంచి మూతికి తాడు చుట్టి, బిగించి, సంచి అక్కడే వదిలి లేచాడు. ఎటు పోయాడో ఇద్దరూ చూడలేదు. ఒడ్డున పిట్ట కూడా కుయ్యడం లేదు.

ముడి ఊడలేదు. గోళ్లతో పీకారు, పళ్లతో లాగారు.

"కోసెయ్ బావా, పొద్దెక్కుతోంది."

"పరంజాలు కట్టే చేతులివి. ముడికి ఓడిపోతానా? దీని సంగతి తేలాకే పడవెక్కేది!"

ఆ మాట నోట్లో ఉండగానే కొండ మీంచి గాలి విరుచుకుపడింది. ఖాళీ పడవను ఒడ్డు మీంచి ఈడ్చుకెళ్లి, నడిమడుగులో తిరగేసి ముంచేసింది.

ఇద్దరూ సంచి పట్టుకుని పరుగో పరుగు.

ఇంట్లో తల్లి సంచిని చూసింది. అబద్ధం తెలిసిపోయింది. అయినా తిట్టలేదు. ముడిని తడిమి, ఎడమచేత్తో ఒక్క లాగు లాగింది. వెన్నలోంచి వెంట్రుక తీసినంత సులువుగా విడిపోయింది.

సీసాలింకా మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఈ ముడి నీకెలా తెలుసమ్మా?"

"తన సీసాలు ఎవరూ కాజెయ్యకుండా వేసుకునేవాడురా. విప్పడం నా ఒక్కదానికే నేర్పాడు. నువ్వు ఉయ్యాల్లో ఉండగా ఆ మడుగులోకే పోయాడు మీ నాన్న."

మేస్త్రీ ఒక సీసా చేతిలోకి తీసుకున్నాడు.

"గుక్కెడు అడిగాడమ్మా," అన్నాడు. "నేనే పొయ్యలేదు."

మరిచిపోకండి, ఇంకొకరికీ చెప్పండి: నీటి ఒడ్డున తడిసిన మనిషెవరైనా గుక్కెడు అడిగితే పొయ్యండి, వయసు మాత్రం లెక్కెయ్యకండి.