మూటల వెనక గోడ

"ఆ మూలను తాకొద్దని ఎన్నిసార్లు చెప్పినాను ఇందూ!" గుడియాత్తంలో పని ముగించుకుని అప్పుడే వచ్చిన కాశి మేస్త్రి గుమ్మంలోంచే అరిచాడు.

అప్పటికే ఇందుమతి, కూతురు జీవిత కలిసి ఆ మూలనున్న పాత పరుపులు, బట్టల మూటలు అన్నీ వాకిట్లోకి చేర్చేశారు. పారేద్దామన్నప్పుడల్లా "ఉండనీ, పనికొస్తాయి" అని కాశి అడ్డం పడేవాడు. అది పీనాసితనమనుకుంది ఇందుమతి ఇన్నాళ్లూ.

మూటలు తీసిన చోట గోడ పైనుంచి నిలువునా బీటవారి ఉంది. బీట పక్కనే పెన్సిలు గీతలు, ఒక్కో గీతకు ఒక్కో తేదీ.

"ఇది నీ రాతే గదయ్యా?"

"బీట పెరగతా ఉండాదా, నిలిచిందా అని గుర్తు పెట్టుకున్నా."

మొదటి తేదీకి ఏడాది దాటింది. తమ్ముడి సంసారం కోసం అతను పైన మిద్దె లేపింది ఆ తర్వాతే.

"తెలిసే కట్టినావా?"

"వాడికి మాటిచ్చినాను. నిలబడతాదనుకున్నా."

"మన బిడ్డ ఈ గోడ పక్కనే గదా పండుకొనేది!"

కాశి వంగి, చివరి గీతను వేలితో తడిమాడు. మొన్న ఆదివారం గీసింది. బీట దాన్ని దాటి జానెడు కిందికి దిగింది.

పైన మరదలు గ్రైండరు వేసింది. బీటలోంచి సన్నగా ఇసుక రాలింది.

కాశి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"జీవితా, అమ్మ చెయ్యి పట్టుకోని బయటికి పో తల్లీ," అన్నాడు గొంతు బాగా తగ్గించి. "పరిగెత్తొద్దు. మెల్లగా నడువు."

వాళ్లు వీధిలోకి చేరాక, గోడ అదరకుండా చెప్పులు విడిచి, తమ్ముడి వాళ్లను దింపుకు రావడానికి ఒక్కో మెట్టూ ఎక్కసాగాడు.