గడ్డం కాస్త ముందుకి

ఫొటోగ్రాఫరు కళ్లు తెరిచేసరికి ఎదురు సీట్లో పెద్దావిడ తన నోటి వైపే చూస్తూ ఉంది.

సాయంత్రం బస్సు. కిటికీలోంచి ఎండ ఒళ్లో పడుతోంది. స్టూడియో మూసి ఇంటికెళ్లేటప్పుడు ఆ ఎండకి ఆమెకి రోజూ కునుకు పడుతుంది. కునుకు పడితే నోరు తెరుచుకుంటుంది. నోటి నిండా తీగలు.

ఆమె పెదాలు మూసి, అలవాటు ప్రకారం కింది దవడని కాస్త ముందుకి జరుపుకుంది.

పెద్దావిడ అప్పటికీ చూపు తిప్పలేదు.

నలభై దాటాక పళ్లకి క్లిప్పులు పెట్టించుకుంటే జనం చూస్తారని ఆమెకి తెలుసు. మా ఆవిడ నోట్లో పట్టాలు వేశారు, రైలెప్పుడొస్తుందో ఎవరూ చెప్పడం లేదని మొగుడు ఇంటికొచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. ఆమె కూడా నవ్వుతుంది, అరచెయ్యి అడ్డం పెట్టుకుని.

రైలంటే ఆపరేషన్. క్లిప్పులు పళ్లని వరసలోకి తెస్తాయి. ఆ తర్వాత కింది దవడని కోసి, ముందుకి తెచ్చి బిగిస్తారు. ఎంత ముందుకి తేవాలన్నది పళ్ల డాక్టరు తీసిన కొలతని బట్టి ఉంటుంది. ఆ కొలత కోసం ఆయన ఆమె చేత మైనం పలక కొరికించాడు. దవడ వదులుగా ఉంచారా అని అడిగాడు. ఉంచానంది.

ఆపరేషన్ వచ్చే వారం.

గడ్డం లోపలికి ఉందని చిన్నప్పుడు మేనత్త ఆమెని పిట్టమొహం అని పిలిచేది. ఆ పిలుపు తప్పించుకోవడానికే ఆమె అద్దం ముందు నిలబడి దవడని ముందుకి జరపడం నేర్చుకుంది. ఇప్పుడు స్టూడియోలో కూర్చున్న ప్రతివాళ్లకీ తనే చెబుతుంది, గడ్డం కాస్త ముందుకి అని.

మర్నాడూ బస్సులో అదే చూపు.

ఆ మర్నాడు ఆమె ఊరుకోలేదు.

"ఏంటండీ, నా నోట్లో సినిమా ఏమైనా ఆడుతోందా?"

చుట్టుపక్కలవాళ్లు నవ్వారు.

"కోప్పడకమ్మా" అంది పెద్దావిడ. మాట్లాడుతుంటే ఆవిడ కింది పళ్లు పై పళ్లని అందుకోలేక పక్కకి జారుతున్నాయి. పై వరసలో ముందు పన్ను మూల విరిగి ఉంది. "నిద్రలో నీ దవడ వెనక్కి పోతోంది. మెలకువ రాగానే ముందుకి తెచ్చుకుంటున్నావు. డాక్టరుకి ఏది చూపించావు?"

"నా మొహం నా ఇష్టం. పెద్దవారని ఊరుకుంటున్నాను. మీ స్టాపొస్తే దిగండి."

"నిద్రలో ఉండేదే నీదమ్మా. అది చూపించు."

ఆవిడ లేచి తర్వాతి స్టాపులో దిగిపోయింది. అది ఆవిడ రోజూ దిగే స్టాపు కాదు.

మర్నాడు స్టూడియోకి ఒక గుమాస్తా ఫొటో కోసం వచ్చాడు. ఊపిరి బిగబట్టి, గడ్డం ముందుకి పెట్టి కూర్చున్నాడు. ఫ్లాషు వెలిగి ఆరింది. ఆయన ఊపిరి వదిలాడు. దాంతోపాటు మొహమంతా మెల్లగా జారి దాని చోటికి వెళ్లిపోయింది.

ఆమె కెమెరా కింద పెట్టింది. స్టూడియోకి తాళం వేసి డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"మైనం కొరికినప్పుడు నేను ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నానండీ."

డాక్టరు పాత మైనం తీసి పక్కన పెట్టాడు. తర్వాత కుర్చీని వెనక్కి వాల్చి, లైటు తీసేశాడు. ఆమెని కళ్లు మూసుకోమన్నాడు. వీధిలో చప్పుళ్లు దగ్గరికొచ్చి దూరమయ్యాయి. ఆమె బస్సులో ఉన్నాననుకుంది. ఒళ్లో ఎండ పడుతోందనుకుంది. ఎవరో కట్టు విప్పిన పడవలాగా దవడ వెనక్కి వెళ్లింది. అప్పుడు ఆయన మైనం పెట్టాడు.

పాత మైనానికీ కొత్తదానికీ మధ్య బియ్యపు గింజంత తేడా వచ్చింది.

పాత కొలతతో ఆపరేషన్ చేసి ఉంటే ఆ పళ్లు ఎప్పటికీ కలిసేవి కావని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ వాయిదా వేయించాడు. మీకెలా తెలిసిందని అడిగాడు. బస్సులో ఎవరో అన్నారంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తులో ఆమె బస్సు నీళ్ల మీద నడవడం చూసింది. ఎదురు సీట్లో పెద్దావిడ తన వైపే చూస్తూ ఉంది. ఈసారి ఆమె నోరు మూసుకోలేదు.

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు సాయంత్రం బస్సు ఎక్కుతూనే ఎదురు సీటు చూసింది. ఎవరో కుర్రాడు కూర్చుని ఉన్నాడు. తర్వాత కూడా కునుకులోంచి లేచినప్పుడల్లా, మూల విరిగిన ఆ పన్ను కోసం వెతికింది. కండక్టరుని అడిగితే, ఆ రోజు దిగాక ఆవిడ మళ్లీ ఎక్కలేదన్నాడు.

క్లిప్పులు తీసేసిన రోజు డాక్టరు ఆమెకి అద్దం ఇచ్చాడు. ఆమె నవ్వి చూసుకుంది. చెయ్యి అడ్డం రాలేదు.

"మీరు ఆ రోజు వచ్చి చెప్పకపోతే నాకిది తెలిసేది కాదు" అన్నాడాయన. "నేను మొదటిసారి ఆపరేషన్‌కి పంపిన మనిషికి పళ్లు కలవలేదు. ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయారు. నా చేతిలో తప్పెక్కడ జరిగిందో ఇన్నేళ్లూ వెతుకుతూనే ఉన్నాను."

ఆయన కింది సొరుగు తెరిచి, ఆ మనిషికి ఆపరేషన్‌కి ముందు తీసిన పళ్ల అచ్చుల్ని మైనంతో సహా ఆమె చేతిలో పెట్టాడు.

రంగు మారిన ఆ సున్నపు అచ్చుల్లో, పై వరసలో ముందు పన్ను మూల విరిగి ఉంది. కింది దవడ, ఫొటోకి కూర్చున్న మనిషిదిలాగా, కాస్త ముందుకి జరిగి ఉంది.