షేరూ ఎవరికి?

షేరూ కోసం ఆ మొగుడూ పెళ్ళాలు బోద్రీ కోర్టులోని రాజీ గదికి రావడం అది నాలుగోసారి.

విడాకులకు ఇద్దరూ ఎప్పుడో ఒప్పుకున్నారు. కారు, ఫ్రిజ్, పెళ్ళినాటి వెండి అన్నీ ఒక్క పూటలో తేలిపోయాయి. పేచీ అంతా నాలుగేళ్ళ లాబ్రడార్ దగ్గరే.

ఈసారి జ్యోతిర్మయి పశువుల డాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చింది. మధ్యవర్తి రమణమూర్తి కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"అచ్ఛా. కుక్క ఒంటినిండా నెత్తురు పీల్చే పిస్సూ పురుగులట. గోక్కుని గోక్కుని వీపంతా పుండ్లట. భర్త ఉండే క్వార్టర్ పెరట్లో తిరిగే ముంగిసల నుంచీ, పందికొక్కుల నుంచీ ఎక్కుతున్నాయట. దాన్ని పెరట్లో వదిలినంత కాలం ఏ మందూ పనిచెయ్యదట."

"విన్నారుగా సార్? ఈయన దగ్గరుంటే వాడు బతకడు. మోప్కాలో నా ఫ్లాటు మూడో అంతస్తులో. ముంగిస కాదు, చీమ కూడా రాదు."

రాజేంద్ర రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డు నుంచి నేరుగా వచ్చాడు. చేతుల నిండా ఇంకా గ్రీజే.

"ఏటి సార్ ఇది? వాడికి మట్టి కావాలి, ఎండ కావాలి. ఈవిడ పొద్దున్న బ్యాంకుకెల్తే రాత్రి ఏడింటికొస్తాది. అంతసేపూ తాళమేసిన ఇంట్లో వాడేటి సేస్తాడు? జబ్బు సేస్తే మూడ్రోజులు లీవెట్టి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. అడగండి!"

"ఆ జబ్బెందుకొచ్చిందో కూడా చెప్పండి. ఒంటికి రాసిన పిస్సూల మందు వాడు నాకుతుంటే ఫోన్ చూస్తూ కూర్చున్నారు."

రాజేంద్ర కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"వాణ్ణి కూడా తీసుకుపోతే నాకింకెవరున్నారు సార్?"

రమణమూర్తి ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. షరతులు ఒక్కొక్కటే రాయడం మొదలుపెట్టాడు.

రెండు గంటలు పట్టింది. షేరూ జ్యోతిర్మయి దగ్గర ఉండాలి. ఆదివారాలు రాజేంద్ర తీసుకెళ్ళొచ్చు. అంతకుముందే అతను పెరట్లోని బొరియలన్నీ పూడ్పించాలి. పుండ్లు మానేదాకా రోజూ ఒక ఫోటో పంపించాలని అతను పట్టుబట్టాడు.

"రోజుకి రెండు పంపిస్తాను" అంది జ్యోతిర్మయి. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"రాత్రిపూట వాడికి లైటు ఆర్పొద్దు. భయపడతాడు" అన్నాడు రాజేంద్ర సంతకం పెడుతూ.

"నాకు తెలుసు."

రమణమూర్తి ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టాడు.

ఇక ఎనిమిదేళ్ళ శ్రీనిధి సంగతికి వాదనే అక్కర్లేకపోయింది, ఎందుకంటే మొదటి వాయిదాలోనే అమ్మా నాన్నా ఎవరికి వారే ఒకే మాట రాసిచ్చేశారు: "పాపను అవతలివారికి అప్పగిస్తే నాకేమీ అభ్యంతరం లేదు."