గట్టి జెండా

పంద్రాగస్టు రేపనగా మా కాలనీ సంఘం అధ్యక్షుడు సుదర్శన్‌కు దేశభక్తి గుర్తొచ్చింది. ఏటా ఆ ఒక్కరోజే గుర్తొస్తుంది. మెదక్ బజారులో దర్జీ తాజ్ బీ కొట్టుకెళ్లి, ఆమె కుట్టిన జెండాలన్నీ బల్ల మీద వేయించుకుని, ఒక్కొక్కటీ ఎగాదిగా చూసి పక్కకు నెట్టాడు.

“గివి గాలికి ఆగయి. నిరుడు పెట్టింది నెలకే చినిగింది. జెండా ఎట్ల కుట్టాలెనో మీకెవ్వరికీ తెల్వది.”

“నిరుడు మీరు దించనే లేదు గద సార్. నెల రోజులు వానల ఉంచితే ఏ గుడ్డయినా చినుగుతది,” అంది తాజ్ బీ.

ఆయన వినలేదు. బీరువాలో మడతపెట్టి ఉన్న జెండా ఒకదాన్ని తనే బయటికి లాగాడు. అంచుకు రెండు వరసల కుట్టు ఉంది. గుడ్డ నలిపి చూసి తృప్తిగా తలూపాడు.

“జెండా అంటే గిది. గిది దాచిపెట్టి నాకు గవి చూపిస్తున్నవా?”

“అది అమ్మేది కాదు సార్. మా ఇంటి మీద ఎగరేసుకునేది.”

“మీ ఇంటి మీదనా?” అని నవ్వాడు. “మీకెందుకు గింత మంచిది?”

తాజ్ బీ జెండాకు తాడు కట్టే పట్టీని తిప్పి పట్టుకుంది. “చెత్తకుప్పల దొరికింది సార్. చినిగిన కాడ కుట్టిన. మూడుసార్లు ఉతికిన. గిదొక్కటే పోలేదు.”

కిందటేడు ఆయన స్వయంగా నల్ల మార్కర్‌తో రాసుకున్న అక్షరాలు పట్టీ మీద చెక్కుచెదరలేదు: “దాత: శ్రీ సుదర్శన్ గారు.”