అంబ్రోజ్ తాత చేతులు

మా సరుకుల విమానంలో ముందు చక్రం, పైలట్లం మేం కూర్చునే సీట్లకు బాగా వెనక ఉంటుంది. అలాస్కాలోని ఆ ఇరుకు రన్‌వే చివర వెనక్కి తిరగాలంటే, మా సీట్లు అంచు దాటి బురద మీదికి వెళ్లేదాకా ఓపిక పట్టి, అప్పుడు తిప్పాలి. ముందే తిప్పితే చోటు చాలదు. ఆలస్యమైతే చక్రం బురదలో దిగబడుతుంది. బయటికి లాగే బండి ఆ ఊళ్లో లేదు.

మొదటిసారి తిప్పేటప్పుడు కిటికీలోంచి నేలకేసే చూస్తున్నాను.

“నేలకేసి చూడకు,” అంది కెప్టెన్ థెల్మా. “ఆ చివర కంచె అవతల, తన ఇంటి ముందు నిలబడ్డ అంబ్రోజ్ తాతను చూడు. ఆయన రెండు చేతులూ ఎత్తగానే తిప్పు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు మహానుభావుడు.”

విమానం ముక్కు కంచె మీదికి వచ్చింది. చేతులు లేచాయి. తిప్పాను. విమానం బుద్ధిగా తిరిగింది.

సరుకు దించుతుండగా కాఫీ డబ్బా పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను.

“మీ సాయం మరిచిపోలేం తాతా.”

“సాయమా? నీ మొహం! మీ మోతకి నా కుక్కలు గొలుసులు తెంపుకుంటున్నాయి. నా కంచె మీదికి వస్తారేంట్రా, అవతలికి పొండని ఏళ్ల తరబడి రెండు చేతులూ ఎత్తి మొత్తుకుంటున్నాను.” కాఫీ డబ్బా మాత్రం తీసుకున్నాడు. “చెప్పగానే వెనక్కి పోతున్నారు గనక ఊరుకున్నాను. ఇంక నా భుజాలు లేవడం లేదు. రేపట్నుంచి బయటికి రాను.”

“మీ చేతులు లేస్తేనే మేం విమానం తిప్పేది. మీరు రాకపోతే నేరుగా మీ ఇంట్లోకే వచ్చేస్తాం తాతా.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“బెదిరిస్తున్నావా?”

“లేదు తాతా. బతిమాలుతున్నాను.”